బండి నీడ

దోహాలోని ఐన్ ఖాలిద్‌లో మా బిల్డింగు వెనక సందులోకి రోజూ ఉదయం నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు అది ఆగి ఆగి కూస్తుంది. మా వంటింటి కిటికీ అద్దం ఆ కూతకు కొంచెం అదురుతుంది. మా ఆవిడ గ్రేస్‌కి అది పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దే వేళ. నాకు టీ కప్పు నోటి దాకా వచ్చి ఆగిపోయే వేళ. కూత వినబడుతున్నంతసేపూ నాకు భయం ఉండదు. అది ఆగాక మొదలవుతుంది. ఎందుకంటే వెనక్కి వచ్చే బండికే కూత ఉంటుంది, ముందుకు కదిలే బండికి ఉండదు. ఈ సంగతి నాకు రెండేళ్ళ కిందట, ఒక మనిషి కాలు పోయాక తెలిసింది.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. చిన్నదే. “ఆ బొమ్మను గంగారాం అన్న చూడలేదు, ఆయన చూసినట్టు నేనే నొక్కాను.” అంతే. అయిదుగురి ముందు ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. నేను నోరు తెరవలేదు. తెరవనందుకు నా ఉద్యోగం నిలిచింది, నా పిల్లల చదువు నిలిచింది, గంగారాం అన్న పేరు పోయింది. లింబాద్రి కాలు తీసిన బోర్డు గంగారాం పాస్ చేసిందేనని ఇక్కడి క్యాంపుల్లో మనవాళ్ళు రెండేళ్ళుగా చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధం నాది. గంగారాం అన్నను ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా ఆయన ఎలాంటివాడో తెలియాలని ఇది రాస్తున్నాను.

నేను గుడివాడలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, క్రిస్మస్ శుభాకాంక్షలు. అక్కణ్ణుంచి పదకొండేళ్ళ కిందట ఖతర్ వచ్చి, సనయ్యాలో, అంటే దోహా పక్కనున్న ఇండస్ట్రియల్ ఏరియాలో, బోర్డులు చేసే ఒక కంపెనీలో చేరాను. కన్‌స్ట్రక్షన్ సైట్లలో, లేబర్ క్యాంపుల్లో పెట్టే జాగ్రత్త బోర్డులు మా ప్రత్యేకం. గంగారాం అన్న అక్కడ బోర్డులు బిగించే వాళ్ళకు ఫోర్‌మన్. మెట్‌పల్లి దగ్గర ఊరు. యాభై దాటిన సన్నటి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్. వయసులో గోడల మీద ఎలక్షన్ రాతలు, సిమెంటు ప్రకటనలు రాసి బతికాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక లేబర్ వీసా మీద ఇక్కడికి వచ్చాడు.

నా మొదటి బోర్డు నాకింకా గుర్తుంది. వేడి పైపులను ముట్టుకోవద్దని చెప్పే బోర్డు. ఎర్రటి అరచెయ్యి బొమ్మ పెట్టి, దాని కింద ఆరు భాషల్లో అందంగా రాశాను. గంగారాం అన్న ప్రింటు తీసుకుని దూరంగా పట్టి చూశాడు.

“గిదేంది తమ్మీ?”

“వేడిగా ఉంది, ముట్టుకోవద్దని అన్నా. ఆరు భాషలున్నాయి.”

“సదువొచ్చినోనికి ఆరు భాషలు. రానోనికి?”

“బొమ్మ ఉంది కదన్నా.”

“అయితే పా. బొమ్మనే అడుగుదాం.”

ఆ సాయంత్రం డ్యూటీ బస్సులో నన్ను క్యాంపుకు తీసుకెళ్ళాడు. అక్కడ లుంగీ కట్టుకుని అన్నం గిన్నె తోముకుంటున్న ఒక బొద్దు మనిషిని పిలిచాడు. అతనే లింబాద్రి. ఆర్మూరు వైపు మనిషి, సైట్లో రాడ్డు పని, అక్షరం ముక్క రాదు. “లింబన్నా, గీ బోర్డు ఏం జెప్తుందో నాకు చెప్పకు. చేసి సూపెట్టు” అన్నాడు గంగారాం అన్న. లింబాద్రి తడి చేతులు లుంగీకి తుడుచుకుని, బోర్డు వైపు ఓ క్షణం చూసి, నిటారుగా నిలబడి, కుడి అరచెయ్యి పైకెత్తి వరసగా ఉన్న గదులన్నిటి వైపూ ఊపాడు. “అన్నలారా, అక్కలారా! మీ ఓటు నాకే ఎయ్యుండ్రి!” గదుల్లోంచి జనం బయటికొచ్చి పడీ పడీ నవ్వారు. “ఎలక్షన్ గుర్తు లెక్కున్నది సార్ నీ చెయ్యి” అన్నాడు నాతో. “ముట్టొద్దన్నట్టు లేదు. నాకు మొక్కుమన్నట్టున్నది.”

నాకు అవమానంగా ఉంది. గంగారాం అన్న నవ్వలేదు. ప్రింటు వెనక్కి తిప్పి, చెవి మీది పెన్సిల్ తీసి, “లింబాద్రి. తప్పు” అని రాశాడు. రెండోసారి గీశాను, మళ్ళీ తప్పు. మూడోసారి, పైపు మీదినుంచి వెనక్కి లాక్కుంటున్న చెయ్యి గీశాను. లింబాద్రి పొయ్యి వైపు చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి లాగి, వేళ్ళు విదిలించి ఊదుకున్నాడు. కాగితం వెనక “లింబాద్రి. మూడోసారికి సరే” అని పడింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళు మా కంపెనీ నుంచి బయటికి వెళ్ళిన ప్రతి బోర్డు ప్రింటు వెనకా ఒక పేరు ఉంది. బంగ్లాదేశీ పేర్లున్నాయి, నేపాలీ పేర్లున్నాయి. ఎక్కువగా లింబాద్రిదే. ఆ పేరు పడందే గంగారాం అన్న బోర్డును ప్రెస్సుకు పోనిచ్చేవాడు కాదు. బొమ్మ బాగుందో లేదో తేల్చాల్సింది నేను కాదనీ, దాని కింద నిలబడి పనిచేసేవాడనీ నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అర్థమయ్యాక కూడా మరిచిపోయాను. ఆ సంగతికే వస్తున్నాను.

నేను చేరిన ఏడాదే, ఎండాకాలం మొదట్లో, అల్ వుకైర్ అవతల పైపులైను వేస్తున్న సైటుకి కొలతల కోసం వెళ్ళాం. పొద్దున పదింటికే ఇసుక కళ్ళలోకి కొడుతోంది. చుట్టూ ఎక్కడా ఇంత నీడ లేదు. ఒక ట్రైలరు ఆగి ఉంటే నేను వెళ్ళి దాని పక్కన, చక్రానికి ఆనుకుని నిలబడ్డాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. మరుక్షణం ఎవరో వెనకనుంచి కాలరు పట్టి ఈడ్చారు.

“ఏంటన్నా, చొక్కా చినిగిపోద్ది!”

“సొక్కా మళ్ళ కుట్టియ్యొచ్చు.” గంగారాం అన్న రొప్పుతున్నాడు. ఆయన ముఖంలో భయం నేను చూసింది అప్పుడే. “బండి నీడ నమ్మకు తమ్మీ. చెట్టు నీడ ఉన్నకాడ్నే ఉంటది. బండి నీడ లేచి పోతది. పోయేటప్పుడు కింద ఎవలున్నరని అడగది.”

ఆ వారమే దాని మీద ఒక బోర్డు చేశాం. బండి నీడలో కూర్చున్న మనిషి, మీద ఎర్ర గీత. లింబాద్రి మొదటిసారికే సరిగ్గా చేసి చూపించిన బోర్డు అదొక్కటే. చతికిలబడి, కళ్ళు మూసుకుని, హఠాత్తుగా వెనక్కి చూసి, లుంగీ ఎగగట్టి పరిగెత్తాడు. మా బోర్డులు ఉన్న ప్రతి సైట్లోనూ, బండ్లు ఆగే చోట అది వేలాడింది.

తరవాత ఏఐ వచ్చింది. మా మేనేజర్ నబీల్ ఒక ఉదయం మమ్మల్ని పిలిచి, మాటల్లో చెబితే బొమ్మ గీసే ఆ ప్రోగ్రాం చూపించి, “ఇకమీదట బొమ్మకు వారం కాదు, గంట” అన్నాడు. ఆరుగురు డిజైనర్లం ఉండేవాళ్ళం. రెండు నెలల్లో నలుగురమయ్యాం. ఇరవై ఏళ్ళు మౌస్ పట్టుకుని నేర్చుకున్నది అది నా కళ్ళముందు నాలుగు నిమిషాల్లో చేసి పడేసేది. ఆ బొమ్మలు ప్రింటు తీసి గంగారాం అన్న దగ్గరకు పట్టుకెళ్ళాను. చాలాసేపు చూశాడు.

“మంచిగ గీసింది. నాకంటె మంచిగ గీసింది” అన్నాడు. తరవాత నవ్వాడు. “నేను గోడల మీద రాస్తుంటె మీ ఫ్లెక్సీ వచ్చి నా కుంచె ఎండవెట్టింది. నువ్వు ఆ దుకాణంలకెల్లే వచ్చినవ్. ఇప్పుడు నిన్ను తినేటిది వచ్చిందా?”

“నవ్వకన్నా. నాకు భయంగా ఉంది.”

“భయం మంచిదే తమ్మీ. భయమున్నోడు రెండుసార్లు సూస్తడు.”

ఆయన దాన్ని కాదనలేదు. అది చాలామందికి తెలియదు. పాతకాలపు మనిషి, కొత్తది గిట్టక పక్కన పెట్టాడు అనుకున్నారు తరవాత. నిజానికి ఆయన, నేను, లింబాద్రి ముగ్గురం ఆ మిషనుతో కలిసి చేసిన ఏడాది నా పనిలో మంచి కాలం. ఆయన చెప్పేవాడు, నేను టైపు చేసేవాణ్ణి. “మెడల తువ్వాల వెట్టమను. బూట్లకు సిమెంటు అంటాలె. గింత తెల్లగ కడిగిన బూట్లు సైట్ల ఎవనికున్నయ్?” అది గీసేది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వెదికేవాడు. ఎత్తుమీద పనిచేసే మనిషి నడుముకు బెల్టు చక్కగా గీసింది ఒకసారి. “కొండి యాడ తగిలిచ్చిందో సూడు. గాలికి తగిలిచ్చింది. పడితె గాలి పట్టుకుంటదా?” అన్నాడు. నేను అరగంట చూసిన బొమ్మ అది, నాకు కనబడలేదు. ఆ తరవాత క్యాంపు, లింబాద్రి. ఒక బొమ్మలో పొరపాటున మూడో చెయ్యి పడితే అతను దాన్ని అందరికీ తిప్పి చూపించి, “నాకు మూడో చెయ్యి ఇచ్చిండ్రు. ఓవర్‌టైమ్ గిట్ల ఎక్వ ఇస్తరా సార్?” అని అడిగాడు. మిషను కొత్త ఊహలు ఇచ్చేది. వాటిలో ఏది మనిషిని కాపాడుతుందో, ఏది పడదోస్తుందో వీళ్ళు చెప్పేవాళ్ళు. నేను మధ్యలో నిలబడి రెండువైపులా నేర్చుకున్నాను.

ఆ ఏడాదే కంపెనీలో కాగితాలు తీసేశారు. ఆమోదాలన్నీ సిస్టమ్‌లోనే. గంగారాం అన్నకు లాగిన్ నేనే చేసి పెట్టాను. పాస్‌వర్డ్ ఆయన గుర్తుపెట్టుకోలేదు. “నేను సూసినంక నువ్వే నొక్కు తమ్మీ” అన్నాడు. అయినా ప్రింటు వెనక పెన్సిల్ రాత మానలేదు. అది ఆయన అలవాటు, సిస్టమ్‌కి దాంతో పని లేదు.

మే నెల వచ్చింది. ఒక పెద్ద సైటు వాళ్ళు ఎండ జాగ్రత్తల పోస్టర్లు అడిగారు. నీళ్ళు తాగండి, నీడలో కూర్చోండి. అయిదు భాషలు, వారం గడువు. గంగారాం అన్న జ్వరంతో క్యాంపు గదిలో పడుకున్నాడు. నేను మిషనును అడిగితే మొదట ఖర్జూరం చెట్టు కింద కూర్చున్న పనివాణ్ణి గీసింది. “సైట్లో చెట్టెక్కడిది?” అన్నాడు నబీల్. నిజమే. చెట్టు తీసెయ్యి, సైటులో దొరికే నీడ పెట్టు అని టైపు చేశాను.

అది పెట్టింది. ఒక టిప్పరు, దాని వెనక చక్రం, ఆ చక్రానికి వీపు ఆనించి కాళ్ళు చాపుకున్న మనిషి. మెడలో తువ్వాలు, బూట్లకు సిమెంటు, పక్కన నీళ్ళ సీసా, సగం మూసిన కళ్ళు. అవతల ఎండ మండుతోంది, ఇవతల నీడ నీలంగా, చల్లగా, చూస్తేనే దాహం తీరేలా ఉంది. నబీల్ నా భుజం తట్టాడు. “ఇది లేబర్ పోస్టరులా లేదు, సినిమాలా ఉంది” అన్నాడు.

గడువు దగ్గర పడి తొందరలో నొక్కానని చాలారోజులు నాకు నేను చెప్పుకున్నాను. తొందర కాదు. క్యాంపు ఇరవై నిమిషాల దూరం, కారు తాళాలు బల్ల మీదే ఉన్నాయి. చక్రం నాకు కనబడలేదని కూడా చెప్పుకున్నాను. కనబడింది. ఆ గుండ్రదనం బొమ్మకు భలే కుదిరిందనుకున్నాను. ఆ బొమ్మ నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదనుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా బొమ్మ ఎవరి చేతా ఆడించకుండా, ఎవరూ నవ్వకుండా గోడకెక్కాలనుకున్నాను. మిషనును అనడానికి లేదు. సైట్లో నీడ ఎక్కడ దొరుకుతుందని అడిగితే నిజమే చెప్పింది. ఆ నీడ లేచి పోతుందని దానికి తెలియదు. నాకు తెలుసు. నా కాలరు పట్టి ఈడ్చి మరీ చెప్పారు నాకు. గంగారాం అన్న లాగిన్‌తో లోపలికి వెళ్ళి, “సైట్ చెక్ అయింది” అన్న చోట నొక్కాను.

సైట్లో కొత్త పోస్టరు అతికించడానికి చోటు చూసి, పాత బోర్డు మీదే అతికించారు. ఏ బోర్డు మీదో చెప్పాలంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది. నీడలో కూర్చున్న మనిషి మీద ఎర్ర గీత ఉన్న బోర్డు మీద.

పదో రోజు టీ వేళకు, ఆ సైట్లోనే రాడ్డు పనిలో ఉన్న లింబాద్రి టిప్పరు వెనక చక్రానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. డ్రైవరు అవతలి వైపునుంచి ఎక్కి బండి ముందుకు కదిలించాడు. ఎడమకాలు మోకాలి కిందనుంచి తీసేశారు. ఆసుపత్రికి వెళ్ళిన సేఫ్టీ ఆఫీసరుతో లింబాద్రి అన్నమాట మా ఆఫీసు దాకా వచ్చింది. “బొమ్మల గట్లనే ఉండె గద సార్. గంగారామన్న పాస్ చేసిన బొమ్మనాయె.” మా ప్రతి బోర్డునూ చేసి చూపించినవాడు దీన్ని కూడా చేసి చూపించాడు. చూడ్డానికి మేమెవరం అక్కడ లేం.

మీటింగు గదిలో నబీల్, ఇంకో ముగ్గురు, నేను. గంగారాం అన్నను నిలబెట్టారు. జ్వరం నుంచి లేచి ఇంకా తేరుకోలేదు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నబీల్ ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడు. “నీ పేరు. నీ టిక్కు.”

గంగారాం అన్న ఆ పోస్టరును మొదటిసారి చూడటం నేను చూశాను. చక్రం దగ్గర ఆయన చూపు ఆగింది. పెదవులు కదిలాయి. తరవాత తన గల్ఫ్ హిందీలో అడిగాడు, “కాగితం వెనక చూపించండి సార్.”

“కాగితమేమిటి? అంతా సిస్టమ్‌లో ఉంది.”

“వెనక పేరుంటుంది సార్. ఎవరు చేసి చూపించారో.”

ఆ గదిలో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. నాకు అయింది. ఆయన తల తిప్పి నా వంక చూశాడు. కోపంగా కాదు. నేను ఏదో అంటానని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నా కళ్ళముందు నా వీసా, ఆ నెలే స్కూల్లో సీటు దొరికిన మా చిన్నమ్మాయి, గ్రేస్ ముఖం తిరిగాయి. పోలీసులు తిరిగారు, జైలు తిరిగింది. నేను తలెత్తి తలుపు మీదున్న ఏసీ వంక చూశాను. దాని జాలీకి ఎవరో ఎర్ర రిబ్బను ముక్క కట్టారు. అది రెపరెపలాడుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. రెండుసార్లు చూసే భయం ఒకటుందని ఆయన నాకు చెప్పాడు. చూపు తిప్పుకునే భయం ఒకటుందని ఆ రోజు నేనే తెలుసుకున్నాను.

“నా పేరే ఉంది కదా సార్” అన్నాడు చివరికి. “నాదే.”

“ఖలాస్” అన్నాడు నబీల్.

ఆయన ఉద్యోగం పోయింది. అల్ వుకైర్‌లో చిన్న స్టిక్కర్ల దుకాణంలో చేరాడని విన్నాను. నేను ఆ రోడ్డు ఎక్కడం మానేశాను. లింబాద్రి ఇంటికి వెళ్ళిపోయాడు. నన్ను డిజైన్ హెడ్‌ని చేశారు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తేవాణ్ణి కాదు. మిషను ఏ బొమ్మ గీసినా ముందు నీడ ఎక్కడుందో వెదికేవాణ్ణి, ఆ నీడ దేనిదో తేలేదాకా మిగతా బొమ్మ కనబడేది కాదు. శుక్రవారం చర్చిలో ఆరాధనకు వెళ్ళేవాణ్ణి, సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవేళకు లేచి కార్ల దగ్గరకు పోయేవాణ్ణి. మనసులో తగువు పెట్టుకున్నవాళ్ళు దాన్ని ముట్టకూడదు. గ్రేస్ అంతా గమనించింది. ఈ ఏడాది ఒక శుక్రవారం మధ్యాహ్నం బియ్యం కడుగుతూ అడిగింది.

“ఏవండీ, మీరు బల్లలో చెయ్యి వేసి రెండేళ్ళయింది. ఎవరితో తగువు?”

“ఎవరితోనూ లేదు.”

“తగువు లేకపోతే మరి ఎవరికైనా ద్రోహం చేశారా?”

ఆమె మామూలుగానే అడిగింది. నేను ఔనన్నాను. బియ్యం నీళ్ళలో ఆమె చెయ్యి ఆగిపోయింది. వంటింటి గుమ్మానికి ఆనుకుని మొత్తం చెప్పాను. “మనల్ని పంపించేస్తారేమోనండీ” అంది మొదట. తరవాత కొంగుతో చెయ్యి తుడుచుకుని, “ముందు ఆయన దగ్గరకెళ్ళండి. తర్వాత సంగతి తర్వాత” అంది.

అల్ వుకైర్ దుకాణంలో గంగారాం అన్న స్టిక్కరు అక్షరాలు బ్లేడుతో లేపుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. పెన్సిల్ చెవి మీదే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“రా తమ్మీ. చాయ్ తాగుతవా?”

“అన్నా, నేను...”

“ఆగు.” బ్లేడు ఎత్తి ఆపాడు. “నోటితోని చెప్పకు. నువ్వే చెప్తవనుకున్న. ఒక రోజు సూసిన, వారం సూసిన. తర్వాత సూసుడు బందు వెట్టిన.”

“నువ్వెందుకు చెప్పలేదన్నా? నేనే నొక్కానని నీకు తెలుసు కదా.”

“చెప్తే తప్పిచ్చుకుంటున్నడంటరు. అయినా పాస్‌వర్డ్ నీ చేతిల వెట్టింది నేనే. ఆ తప్పు నాదే.” ఒక అక్షరం చిరిగింది. పక్కన పడేశాడు. “కొలువు పోయింది, ఇంకోటి దొరికింది. దానికి ఏడ్వ. గని లింబాద్రి రెండేండ్ల సంది నా ఫోనెత్తుతలేడు. నేనే గా బొమ్మ మంచిగున్నదని పంపిన్నని అనుకుంటున్నడు వాడు.” బ్లేడు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. “నాకేం చెప్పకు. చేసి సూపెట్టు.”

మర్నాడు ఉదయం, ఆ టిక్కు నేనే నొక్కానని ఉత్తరం రాసి నబీల్ బల్ల మీద పెట్టాను. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. అతను రెండుసార్లు చదివాడు. అరుస్తాడనుకున్నాను. మెల్లగా అన్నాడు, “ఈ ఫైలు ఎప్పుడో మూసేశాం. నువ్వు మంచి డిజైనర్‌వి. ఇది నేను చూడలేదనుకుంటాను, తీసుకెళ్ళు.” అరిచినా అంత భయపడేవాణ్ణి కాదు. నా అబద్ధం అందరికీ అంత సుఖంగా సరిపోయి ఉంది. తీసుకెళ్ళలేదు. సైటు వాళ్ళ సేఫ్టీ విభాగానికి కూడా ఒక కాపీ పంపానని చెప్పాను. అప్పుడతని ముఖం మారింది. హెడ్ పని అదే రోజు తీసేశారు. ఇది రాస్తున్న నాటికి విచారణ నడుస్తోంది. నా ఉద్యోగం ఉంటుందో, నన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. తలుపు కొట్టిన ప్రతిసారీ గ్రేస్ నా ముఖం చూస్తుంది. ఇప్పటికీ మిషనుతోనే బొమ్మలు చేస్తున్నాను, ప్రతి ఒక్కటీ ప్రింటు తీసి క్యాంపుకు పట్టుకెళ్తున్నాను. వెనక పేరు రాస్తున్నాను. అది చూసి కొత్త పిల్లలు నవ్వుకుంటారు.

నబీల్‌కు ఉత్తరం ఇచ్చిన సాయంత్రమే దాని కాపీతో అల్ వుకైర్ వెళ్ళాను. గంగారాం అన్న వేలు పెట్టి ఒక్కో వాక్యం నాచేత తెలుగులో చెప్పించుకున్నాడు. అయ్యాక కాగితం వెనక్కి తిప్పాడు. ఖాళీ. చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు. “రాయి. ఆ బొమ్మ ఎవలు సూసిండ్రో.”

“ఎవరూ చూడలేదు. రత్నరాజు” అని నా పేరు పెట్టి రాశాను.

నా ఫోనులో లింబాద్రి నంబరు ఆయనే కొట్టి వీడియో కాల్ పెట్టాడు. తను తెరకు కనబడకుండా పక్కకు జరిగాడు. లింబాద్రి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

“ఎవలు? రాజు సారా! ఏంది సార్, ఇంకో బోర్డు తెచ్చినవా? ఇప్పుడైతె ఒంటికాలు ఏషమే ఏస్త మరి.”

నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. నేను ఆగితే మళ్ళీ చెప్పలేనని, ఆగకుండా చెప్పాను. చక్రం కనబడిందని కూడా చెప్పాను. చెప్పి, “లింబాద్రి అన్నా, నీ కాలు నా వల్ల పోయింది. నన్ను క్షమించు” అన్నాను.

“అయితే గంగారామన్న సూడనే లేదా?”

“లేదు. చూసుంటే నిన్ను కాలరు పట్టి ఈడ్చేవాడు.”

“రెండేండ్లల్ల నువ్వు ఒక్కసారన్న ఫోన్ చెయ్యలే సార్. ఎట్లున్నవని అడగలే.” అతను తెర దగ్గరగా వచ్చాడు. “నీ సంగతి తర్వాత మాట్లాడుత. నిన్ను ఇడిచిపెట్ట. ముందుగాల ఫోన్ ఆయనకియ్యి. ఊకెనే తిట్టిన రెండేండ్లు.”

నేను ఫోను చాపాను. గంగారాం అన్న చేతులకంటిన జిగురు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన వేళ్ళు ఫోనుకు తగిలాయి. నేను వెంటనే వదల్లేదు. ఈసారి ఆయన కళ్ళలోకే చూశాను.

“అన్నా, ఆ రోజు నువ్వు నా వంక చూస్తే నేను ఏసీ వంక చూశాను. నన్ను క్షమించు.”